బండ కింది బువ్వ

పాత నల్లగొండ, పాలమూరు జిల్లాలు గుహల నేల కాదు. దేవరకొండ నుంచి మక్తల్ దాకా, భువనగిరి నుంచి వనపర్తి దాకా కాళ్ల కింద ఉన్నదంతా చాలావరకు గ్రానైటే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. సున్నపురాయిలా అది నీళ్లకు కరిగి లోపల గదులు కట్టదు. పగులుతుంది, పైపొర మొరంగా మారుతుంది, మిగిలింది గుండ్లుగా పొలాల్లో నిలబడుతుంది. అందుకే చీకటి గుహల్లో బతికే జీవులకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మన ప్రాంతానికి సంబంధం లేనిదిగా కనిపిస్తుంది. నేను అలా అనుకోను. ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఇంతవరకు దొరికిన జవాబులను వరసగా చూసుకుంటూ వస్తే, అవి మనల్ని తెచ్చి నిలబెట్టేది మన బోర్ల దగ్గరే. మనిషి దూరగలిగేంత వెడల్పు ఉందా లేదా అన్నది మన కొలత. మిల్లీమీటరు పొడవున్న జీవికి గోరు మందం పగులు కూడా గుహే. అలాంటి గుహలు మన రెండు జిల్లాల కింద లెక్కలేనన్ని ఉన్నాయి. నీళ్లు నిండి, వెలుతురన్నది ఎరగకుండా ఉన్నాయి.

ముందు చిక్కు ఏమిటో చూద్దాం. నేల మీద తిండి అంతా ఆకు పచ్చదనంలో పుడుతుంది. ఎండను పట్టి, గాలిలోని కార్బన్ డయాక్సైడును పిండిపదార్థంగా మార్చేది మొక్క. మిగతా అందరమూ దాని మీద ఆధారపడ్డవాళ్లమే. గుహ నోటి దగ్గర ఇంకా నాచు పెరుగుతుంది. కొంచెం లోపలికి పోతే మసక వెలుతురు, అక్కడ పచ్చదనం పలచబడుతుంది. మూల తిరిగాక ఇక ఒక్క ఆకు కూడా లేదు. అయినా అక్కడ సాలీళ్లుంటాయి, జెర్రులుంటాయి, నీళ్లలో కళ్లులేని చేపలు, తెల్లటి రొయ్యలాంటి జీవులు తిరుగుతుంటాయి. వాటికి వంట ఎవరు చేస్తున్నారు?

చాలాకాలం దీనికి ఒకటే సమాధానం ఉండేది. పైనుంచి వచ్చిందే తింటాయి. ఇది తప్పు సమాధానం కాదు. ప్రపంచంలోని గుహల్లో అత్యధిక భాగానికి ఇవాళ్టికీ ఇదే వర్తిస్తుంది. అయితే పైనుంచి రావడంలో దారులు వేరు, ఆ దారిని బట్టే లోపలి బతుకు ఉంటుంది.

మొదటి దారి వరద. మన పక్కనే బస్తర్‌లో, కాంగేర్ లోయలో కుటుంసర్ గుహ ఉంది. వానాకాలంలో దానిలోకి నీళ్లు పోటెత్తుతాయి, ఆ నెలల్లో మనుషులను లోపలికి పోనివ్వరు. ఆ నీళ్లతోపాటు ఆకు అలము, కట్టెముక్కలు, మట్టి, వాటిని పట్టుకున్న పురుగూ పుట్రా లోపలికి చేరతాయి. ఆ గుహలో ఎండకు దూరమై రంగు వెలిసి, కళ్లు చిన్నబోయిన చేప ఒకటుంది. దాని ఏడాది తిండి చాలావరకు ఆ కొద్ది నెలల్లోనే వచ్చి పడుతుంది. తర్వాతి నెలలంతా ఉన్నదాంట్లో సర్దుకోవడమే.

రెండో దారి చాలా నెమ్మదైనది. గుహ పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా జారే నీరు మట్టి పొరల గుండా వచ్చేటప్పుడు కుళ్లిన ఆకుల సారాన్ని కాస్త కరిగించుకుని తెస్తుంది. లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. రాతి మీద ఆ తడి తగిలిన చోట బ్యాక్టీరియా పలచటి జిగురు పొర కడుతుంది. ఆ పొరను గీకి తినే జీవులుంటాయి, వాటిని తినేవీ ఉంటాయి. చూడటానికి ఉత్త తడిరాయి. తిండి పుట్టేది మాత్రం అక్కడే. విశాఖ మన్యంలోని బొర్రా గుహల్లో సున్నపు ఆకారాలు పేరుకోవడంలో సూక్ష్మజీవులకు పాత్ర ఉందని సుష్మితా బాస్కర్, రామనాథన్ బాస్కర్ బృందం 2007లో చూపింది. మనం ఫోటోలు తీసుకునే ఆ రాతి పూల అల్లికలో ప్రాణుల చెయ్యి కూడా ఉందన్నమాట.

మూడో దారి గబ్బిలం. ఇది మన రెండు జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేనంత దగ్గరి సంగతి. కొండకోటల సొరంగాల్లో, పాడుబడ్డ గుడుల గర్భాల్లో, వాడకం మానేసిన దిగుడుబావుల గోడల్లో గబ్బిలాలు వేలాడుతూనే ఉంటాయి. పాలమూరు పల్లెల్లో ఒకప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో బొంబాయికో పూణేకో వలస పోయి, అక్కడ చెమటోడ్చిన డబ్బు ఇంటికి పంపితే ఇక్కడ పొయ్యి వెలిగేది. గబ్బిలాల గుహ బతికేది సరిగ్గా అలాగే. లోపల ఏమీ పండదు. పొద్దు గూకగానే వేల గబ్బిలాలు బయటికి పోతాయి, వరిచేల మీద, చెరువుల మీద దోమలను, రెక్కల పురుగులను పట్టి తింటాయి, తెల్లవారేసరికి తిరిగొస్తాయి. వాటి పెంట నేల మీద పడుతుంది. ఎక్కడో పొలంలో ఎండ చేసిన తిండి పురుగు రూపంలో, తర్వాత పెంట రూపంలో చీకట్లోకి చేరింది.

ఆ పెంట కుప్పను దగ్గర నుంచి చూస్తే కుప్పే ఒక ఊరు. పైపొర తాజాగా, తడిగా ఉంటుంది. పురుగుల రెక్కల పెంకులు మెరుస్తుంటాయి. ముక్కుపుటాలు మండించే అమ్మోనియా ఘాటు అక్కడి నుంచే. ఆ పొరలో చిన్న నల్లులు, బొద్దింకలు, పెంకు పురుగులు, చిమ్మట పిల్లలు వేలల్లో కదులుతుంటాయి. వాటి కోసం సాలీళ్లు, జెర్రులు అంచుల్లో కాచుకుంటాయి. వేలు లోతు కిందికి పోతే బూజు పొర. ఇంకా కింద పొడిబారిన పాత పెంట. అక్కడ పురుగులు తగ్గిపోయి బ్యాక్టీరియా పని మిగులుతుంది. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చి, ఆ మార్పులో విడుదలయ్యే శక్తితో బతికే బ్యాక్టీరియా. గుహల మట్టి నుంచి సురేకారం తీయగలిగింది వాటి పని వల్లే. పండ్లు తినే గబ్బిలాల కింది కుప్ప వేరుగా ఉంటుంది, మర్రి, రావి గింజలతో, జిగటగా. కింద చేరే పురుగుల జాబితా కూడా మారిపోతుంది. పై అంతస్తులో ఎవరున్నారన్నదే కింది అంతస్తు బతుకును నిర్ణయిస్తుంది.

అందుకే కోటల్లో, గుడుల్లో గబ్బిలాలను పొగబెట్టి తరిమినప్పుడు పోయేది గబ్బిలాలు మాత్రమే కాదు. రాబడి ఆగిన కుప్ప క్రమంగా ఎండిపోతుంది, దాని మీద బతికిన ఆ చిన్న లోకం మొత్తం పోతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే అలా పోయిన దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

రాబడి ఇంత సన్నగా ఉంటే ఖర్చు తగ్గించుకోవడం తప్పదు. గుహ జీవుల శరీరాలన్నీ పొదుపు కథలే. మెక్సికోలో అస్టియానాక్స్ అనే చేప నదిలోనూ ఉంటుంది, గుహలోనూ ఉంటుంది. నదిలో ఉండేదానికి కళ్లున్నాయి, గుహలో ఉండేదానికి లేవు. కళ్లు, వాటి వెనక మెదడులోని చూపు భాగం కలిసి చిన్న చేప విశ్రాంతిలో ఖర్చు పెట్టే శక్తిలో 15 శాతం దాకా తీసుకుంటాయని 2015లో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది. పెద్ద చేపలో అది 5 శాతానికి దగ్గర. ఏమీ కనపడని చోట ఆ ఖర్చు దండగ. బాల్కన్ గుహల్లోని ఓల్మ్ అనే కప్పల బంధువు ఏళ్ల తరబడి తిండి లేకుండా ఉండగలదు, సగటున 68 ఏళ్లు బతుకుతుంది. పరిశీలనలో ఒకటి 2,569 రోజులు ఉన్న చోటు నుంచి కదలనేలేదు. ఆకలి ఎంత లోతుగా బతుకును మలుస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే జీవి నాకు తెలియదు.

ఇక మన దగ్గరికి వద్దాం. పాత నల్లగొండ జిల్లా దక్షిణపు అంచు గ్రానైట్ కాదు. వాడపల్లి, మట్టంపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు, ఇప్పటి సూర్యాపేట జిల్లాకు పోయిన భాగంతో సహా, సున్నపురాయి పరుచుకుని ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వరసగా నిలబడ్డది అందుకే. ఇది కృష్ణకు అవతల ఉన్న పల్నాటి రాతికి కొనసాగింపు. నది మధ్యలో పారుతుందే తప్ప రాయి ఒకటే. అవతలి ఒడ్డున, పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం ఉంది. చీకటి సొరంగాలు, భక్తులు స్నానాలు చేసే నీటి గుండాలు.

ఆ గుండాల నీళ్లలో కళ్లులేని, రంగులేని ఒక జీవి దొరికింది. రొయ్యలు, పీతలు ఉన్న పెద్ద కుటుంబంలోది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యులు వై. రంగారెడ్డి, ఆస్ట్రేలియన్ మ్యూజియం శాస్త్రవేత్త జార్జ్ విల్సన్ కలిసి 2011లో దాన్ని లోకానికి పరిచయం చేశారు. దానికి కొత్త ప్రజాతే కట్టవలసి వచ్చింది. రంగారెడ్డి గారి శిష్యుడు షేక్ షాబుద్దీన్ మీదుగా ఆంధ్రకాయిడెస్ షాబుద్దీన్ అని పేరు పెట్టారు. తర్వాత బెలుం గుహల్లో దాని సోదర జాతి ఒకటి బయటపడితే, 1980లలో బెలుంను కొలిచి పటం గీసిన జర్మన్ అన్వేషకుడు గెబవర్ పేరు పెట్టారు. ఈ జీవుల దగ్గరి చుట్టాల్లో కొందరు ఎక్కడున్నారో తెలుసా? ఆస్ట్రేలియాలో. ఇవి సముద్రం దాటలేవు. భారతదేశం, ఆస్ట్రేలియా ఒకే ఖండంగా ఉన్నప్పటి నుంచీ వీటి వంశం మంచినీళ్లలోనే ఉంది, ఖండాలు విడిపోతే వంశమూ విడిపోయింది. పైన డైనోసార్లు వచ్చాయి, పోయాయి. కింద ఇవి ఉన్నాయి.

రంగారెడ్డి గారి పని గుహలతో ఆగలేదు, నాకు అందులో అన్నిటికన్నా విలువైనది అనిపించేది అదే. ఆయన, ఆయన విద్యార్థులు కృష్ణా, గోదావరి ఇసుక తిన్నెల్లో గుంట తవ్వి, ఊరిన నీళ్లను వడకట్టారు. బావులు, బోర్లు వెతికారు. పద్ధతి పెద్ద ఖర్చుది కాదు. చేతిపంపు నోటికి అతి సన్నని వల కట్టి వందల లీటర్లు కొట్టాలి, వలలో మిగిలిన చారెడు ఇసుకను భూతద్దం కింద గింజ గింజగా వెతకాలి. ఇసుక రేణువుల మధ్య పాకే దారంపోగు లాంటి జీవులు దొరికాయి. బాతినెల్లేసియా వర్గం. పొడవు సుమారు మిల్లీమీటరు, కళ్లు లేవు, రంగు లేదు. వాటిలో హాబ్రోబాతినెల్లా అనే ప్రజాతి మొదట మడగాస్కర్‌లో తెలిసింది, తర్వాత మన దగ్గర వరసగా కొత్త జాతులు బయటపడ్డాయి. భారత్, మడగాస్కర్ విడిపోయి దాదాపు 9 కోట్ల ఏళ్లయింది. 2006లో మన బావుల నుంచే బోగిడియెల్లా ఇండికా అనే మరో గుడ్డి జీవి నమోదైంది. కేరళలోనైతే ఇళ్ల బావుల్లో, నల్లాల్లో ఏకంగా గుడ్డి చేపలే వస్తున్నాయి. పాతాళపు పాము చేప లాంటిది 2022లో అలా పేరు సంపాదించుకున్నదే.

బావుల్లో, ఇసుకలో దొరికిన ఆ చిన్న జీవులు తినేది బ్యాక్టీరియాను, బూజును, కుళ్లిన పదార్థాన్ని. అంటే ప్రశ్న ఒక మెట్టు కిందికి జరిగింది. ఆ బ్యాక్టీరియా ఏం తింటోంది? పైనుంచి వచ్చిన ఆకు సారమేనా, లేక రాయి నుంచే ఏమన్నా లాక్కుంటోందా?

రాయిని తిని బతకడం సాధ్యమేనని 1887లో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ చూపించాడు. గంధకపు ఊటల్లో పెరిగే బెగ్గియటోవా అనే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును గంధకంగా, దాన్ని మళ్లీ సల్ఫేటుగా మార్చి, ఆ మార్పులోని శక్తితో బతుకుతుందని కనిపెట్టాడు. ఎండ పని రసాయనం చేస్తోంది. అయినా ఒక గుహ గుహంతా అలా బతకగలదని చాలాకాలం ఎవరూ అనుకోలేదు.

1986లో రుమేనియాలో నల్లసముద్రం ఒడ్డున, మంగాలియా పట్టణం దగ్గర, ఒక నిర్మాణానికి నేలను పరీక్షించడానికి బావి తవ్వుతుంటే మొవీలె గుహ బయటపడింది. దాదాపు 55 లక్షల ఏళ్లుగా పైలోకంతో తెగిపోయిన గుహ. అందులో గాలి మనం పీల్చేది కాదు. ఆక్సిజన్ మనకున్న దానిలో సగానికి తక్కువ, కార్బన్ డయాక్సైడ్ వంద రెట్లు. నీటి మీద తెల్లటి మీగడలాంటి తెట్టె. హైడ్రోజన్ సల్ఫైడును, మీథేనును మండించుకుని బతికే బ్యాక్టీరియా అల్లిన తెట్టె అది. దాన్ని తినే పురుగులు, వాటిని తినే నీటితేళ్లు, సాలీళ్లు, జలగలు. 1996లో సెర్బాన్ సర్బు బృందం సైన్స్ పత్రికలో ప్రకటించేనాటికి 48 జాతులు, వాటిలో 33 ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. వాళ్లు ఆ జీవుల శరీరాల్లోని కార్బన్, నత్రజని ఐసోటోపులను కొలిచారు. ఎండలో తయారైన తిండికి ఒక గుర్తు, రసాయనంతో తయారైన తిండికి ఇంకో గుర్తు ఉంటాయి. మొవీలె జీవుల ఒళ్లంతా రెండో గుర్తే. 2025లో గ్రీసు, అల్బేనియా సరిహద్దు గుహలో లక్షకు పైగా సాలీళ్లు వంద చదరపు మీటర్ల ఒకే గూడు అల్లుకుని కనిపించాయి. వాటి తిండి కూడా గంధకపు బ్యాక్టీరియా మీద బతికే ఈగలే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మొవీలె గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని దాటేస్తారు. సూర్యుడితో సంబంధమే లేని లోకం అని రాస్తారు. అది పూర్తి నిజం కాదు. ఆ బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును దేనితో మండిస్తోంది? ఆక్సిజన్‌తో. ఆ ఆక్సిజన్ ఎవరు చేశారు? పైన ఆకులు, సముద్రంలో నాచు. తిండి రాయి నుంచే వచ్చినా ఊపిరి ఇంకా ఎండదే. నిజంగా ఏ సంబంధమూ లేనిది కావాలంటే మొవీలె కంటే చాలా కిందికి, అసలు గుహ అన్నదే లేని చోటికి పోవాలి. పట్టుబట్టి చెబుతున్నాను, గ్రానైట్‌లోకి పోవాలి.

మన బోరును తీసుకోండి. రిగ్గు వచ్చి నిలబడుతుంది. మొదట మొరం, పది ఇరవై మీటర్లు. ఒకప్పుడు దిగుడుబావులకు, మోట బావులకు నీళ్లిచ్చింది ఈ పొరే. తోడకం పెరిగి ఇప్పుడు చాలాచోట్ల ఇది ఎండిపోయింది. కేసింగ్ దించాక పచ్చి రాయి మొదలవుతుంది. పైకి ఎగిరే పొడి రంగు తెల్లబడుతుంది, దుమ్ము లేస్తుంది. రైతు చూపు ఆ పొడి మీదే ఉంటుంది. ఎక్కడో ఒకచోట పొడి తడిసి ముద్దవుతుంది. జల తగిలింది. ఇంచు నీళ్లా, రెండించులా అన్న లెక్క తర్వాత. ఆ క్షణంలో రిగ్గు చేసింది ఒక చీకటి పగులుకు కన్నం పెట్టడం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మహేశ్వరంలోనూ, చౌటుప్పల్‌లోనూ బోర్లు వేసి ఏళ్ల తరబడి చదువుతున్నది ఈ పగుళ్ల పొరనే. నీళ్లు మోసే పగుళ్లు పైభాగాన దట్టంగా ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ పలచబడతాయి.

ఆ పగుళ్లలో బతుకు ఉందనడానికి ప్రయోగశాల అక్కర్లేదు. నాలుగైదేళ్లు నడిచిన మోటారును పైకి తీసినప్పుడు పైపుల చుట్టూ ఎర్రటి, గోధుమరంగు జిగురు పట్టి ఉంటుంది. వేళ్ల మధ్య రాస్తే నూనెలా జారుతుంది. కొంత ఉత్త తుప్పే. కొంత మాత్రం గాలియోనెల్లా లాంటి ఇనుప బ్యాక్టీరియా కట్టిన గూళ్లు. నీళ్లలో కరిగి ఉన్న ఇనుముకు ఆక్సిజన్ తగలగానే తుప్పుగా మార్చి, ఆ మార్పులో దొరికే పిసరంత శక్తితో అవి బతుకుతాయి. చాలా రోజులు వాడని బోరు వేయగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తే, అక్కడ సల్ఫేటును ఊపిరిగా పీల్చే బ్యాక్టీరియా పని చేస్తున్నట్టే. అవి వదిలేది హైడ్రోజన్ సల్ఫైడ్, మొవీలెలో తిండిగా మారిన వాయువే.

నల్లగొండ నీళ్లంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మర్రిగూడ, నాంపల్లి వైపు వంగిపోయిన నడుములు, కాళ్లు. నీరి సంస్థ పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టింది. ఆ ఫ్లోరైడ్ ఈ రాతిలోని ఖనిజాలు నీళ్లలో కరగడం వల్ల వచ్చింది. రాయి నీళ్లతో మాట్లాడుతుందనడానికి అంతకంటే చేదు రుజువు లేదు. అయితే ఫ్లోరైడ్ ఎవరికీ తిండి కాదు. ఎలక్ట్రాన్‌ను ఇచ్చి పుచ్చుకోగలిగిన వాటిలోనే జీవులు శక్తి పిండుకోగలవు, ఇనుము, గంధకం, అమ్మోనియా, హైడ్రోజన్ లాంటివి. ఫ్లోరైడ్ ఆ బేరానికి రాదు.

హైడ్రోజన్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం. మన గడపల్లో, మెట్లలో వేసే లేత ఎరుపు గ్రానైట్‌లో ఆ ఎరుపు రవ్వలు పొటాషియం ఉన్న ఖనిజం. ఆ పొటాషియంలో పదివేలలో ఒక వంతు అణుధార్మికమైనది. గ్రానైట్‌లో దానితోపాటు సన్నగా యురేనియం, థోరియం ఉంటాయి. నాగార్జునసాగర్ వెనక లంబాపూర్, పెద్దగట్టు దగ్గర గ్రానైట్, దాని మీద కూర్చున్న శ్రీశైలం క్వార్ట్‌జైట్ కలిసే చోట యురేనియం నిక్షేపంగానే దొరికింది. గనుల ప్రతిపాదన మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ, జనం వ్యతిరేకత, 2019లో అమ్రాబాద్ అడవుల్లో అన్వేషణకు వ్యతిరేకంగా నల్లమల ఉద్యమం మనకు తెలిసినవే. ఆ ఉద్యమాలు సరైనవేనని నా నమ్మకం, కృష్ణ నీళ్ల పక్కన ఆ తవ్వకం వద్దు. ఇక్కడ నేను చెబుతున్నది మనిషి ముట్టుకోకముందు ఆ రాయి చేసే పని. అణువు విరిగినప్పుడు వచ్చే కిరణం పక్కనున్న నీటి అణువును చీలుస్తుంది. హైడ్రోజన్ పుడుతుంది. ఆ చీలికలోనే పుట్టే ఇంకో ముక్క రాతిలోని గంధకపు ఖనిజాన్ని సల్ఫేటుగా మారుస్తుంది. హైడ్రోజన్ తిండి, సల్ఫేటు ఊపిరి. రెండూ రాయి ఇచ్చినవే. సూర్యుడి ప్రమేయం ఏమీ లేదు.

ఇది ఊహ కాదు. దక్షిణాఫ్రికాలోని ఎంపోనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, 60 డిగ్రీల వేడి నీళ్లలో, సరిగ్గా ఇలాగే బతికే బ్యాక్టీరియా దొరికింది. 2008లో దాని జన్యుక్రమం వెలువడింది. డెసల్ఫొరూడిస్ ఆడాక్స్‌వియేటర్ అని పేరు పెట్టారు. ఆ నీళ్లలో దాదాపు అదొక్కటే ఉంది. కార్బన్ తానే పట్టుకుంటుంది, నత్రజని తానే పట్టుకుంటుంది, ఇంకొకరి అవసరం లేదు. కెనడాలో కిడ్ క్రీక్ గనిలో వంద కోట్ల ఏళ్లకు పైబడి రాతిలో చిక్కుకున్న నీళ్లలోనూ ఇలాంటి హైడ్రోజన్ ఉంది. ఇక మన దేశంలో, 1967 భూకంపం తర్వాత భూగర్భ పరిశోధన కేంద్రమైన కోయ్నాలో దక్కన్ బసాల్టు రాతిని దాటి కింది గ్రానైట్ దాకా బోర్లు దించారు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో పినాకి సార్ బృందం ఆ గ్రానైట్‌లో సూక్ష్మజీవుల జాడలను 2018లో ప్రకటించింది. అది దక్కన్ రాతి దుప్పటి కింద దాక్కున్న పాత రాయి. పాలమూరులో ఆ దుప్పటి పడమటి అంచున మాత్రమే ఉంది. మిగతా చోట్ల అలాంటి పాత గ్రానైటే ఎండలో గుండ్లుగా కనిపిస్తుంది.

మరి మన రెండు జిల్లాల కింద ఏది ఎంత? ఇక్కడ ఉత్సాహాన్ని కాస్త అదుపులో పెట్టాలి. అణుధార్మికతతో పుట్టే హైడ్రోజన్ చాలా కొద్ది, చాలా నెమ్మది. దాని మీద బతికే కణం ఒకసారి రెండు కావడానికి ఏళ్లు పట్టవచ్చు. అలాంటి రాబడి మీద మిల్లీమీటరు జీవి కూడా నిలబడటం కష్టం, నిలబడేది ఎక్కువగా బ్యాక్టీరియానే. రైతు బోరు తగిలే లోతుల్లో, నీళ్లు వానకు మారే పగుళ్లలో, ఇప్పటికీ పెద్ద వాటా పైనుంచి కరిగి దిగిన ఆకు సారానిదే అని నా అంచనా. ఇనుము, అమ్మోనియా, గంధకం దానికి తోడు. హైడ్రోజన్ రాజ్యం మొదలయ్యేది పగుళ్లు పలచబడి, నీళ్లు వేల ఏళ్లు కదలని లోతుల్లో. రాయి నుంచే అంతా అన్నా తప్పే, అంతా ఎండ పెట్టిన భిక్షే అన్నా తప్పే. లోతు పెరిగేకొద్దీ వాటా మారుతుంది. దాన్ని లోతు వెంట కొలవడమే ఈ శాస్త్రంలో ఇప్పుడు మిగిలిన అసలు పని.

ఆ కొలత జరిగేలోపే మనం ఆ లెక్కను మార్చేస్తున్నాం. పత్తికి, వరికి చల్లిన యూరియా నైట్రేటుగా నీళ్లలో దిగుతోంది. తాగునీటికి లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటిన బావులు తెలంగాణలో కొల్లలు. మనకు అది విషం. కింది బ్యాక్టీరియాకు మాత్రం కొత్త ఊపిరి. ఆక్సిజన్ లేని చోట నైట్రేటుతో ఇనుమును, గంధకాన్ని మండించుకోగలిగే రకాలు ఉన్నాయి. వాటి చేతికి సత్తువ వస్తుంది, మిగతావి వెనకబడతాయి. ఇంకోవైపు మొరం పొర ఎండిపోవడం. ఇసుక రేణువుల మధ్య పాకే జీవికి ఆ పొరే ఇల్లు, పైనుంచి దిగే తిండి మొదట చేరేదీ అక్కడికే. కృష్ణ ఇసుకను లారీలకెత్తినా అంతే. నీటి మట్టం ఎన్ని మీటర్లు దిగిందని కొలుస్తున్నాం, ఆ మీటర్లలో ఎవరుండేవారన్నది కొలవడం లేదు.

సున్నపురాయి గనుల సంగతి కూడా చెప్పాలి. 2006లో ఇజ్రాయెల్‌లోని రామ్లా దగ్గర సిమెంటు కోసం తవ్వుతున్న గనిలో అయ్యాలోన్ గుహ బయటపడింది. లోపల గంధకపు నీళ్లు, బ్యాక్టీరియా తెట్టె, కళ్లులేని రొయ్య, ఎప్పుడో చచ్చిన గుడ్డితేలు పెంకులు. గమనించినవాళ్లు ఉన్నారు కాబట్టి ప్రపంచానికి తెలిసింది. హుజూర్‌నగర్, మట్టంపల్లి గనులు అదే తరహా రాతిలో ఏళ్లుగా సాగుతున్నాయి. కొలిమిలోకి పోయే రాతిలో ఎప్పుడైనా నీళ్లున్న ఖాళీ తగిలితే, పంపు పెట్టి తోడేసే ముందు ఒక వల ముంచి చూడాలి.

ఎక్కడ మొదలుపెట్టాలో నాకు స్పష్టంగానే ఉంది. చౌటుప్పల్ ప్రయోగక్షేత్రంలో బోర్లు సిద్ధంగా ఉన్నాయి, ఏ లోతున ఏ పగులు నీళ్లిస్తుందో తెలుసు. ఒక్కో పగులును విడిగా మూసి, ఆ నీళ్లలో హైడ్రోజన్, మీథేన్, కరిగిన కార్బన్ ఎంతో చూడవచ్చు. వడకట్టిన జీవుల్లో కార్బన్ ఐసోటోపు గుర్తు మొవీలెలో తీసినట్టే తీయవచ్చు. దాని పక్కన మూడు పోలికలు ఉండాలి: హుజూర్‌నగర్ సున్నపురాతి బావి ఒకటి, నారాయణపేట దిగుడుబావి ఒకటి, అచ్చంపేట వైపు నల్లమల అంచున క్వార్ట్‌జైట్ కింద ఊట ఒకటి. వేసవిలో ఒకసారి, తొలకరి నీళ్లు దిగిన నెలకు ఒకసారి. రెండుసార్లకూ గుర్తు ఒకేలా ఉంటే ఆ బావి జీవులు ఆ ఏటి వాన మీద నేరుగా బతకడం లేదేమో. మారితే, ఎంత మారిందన్నది వాటి తిండిలో ఎండ వాటాకు ఒక సూచన.